తొంభై ఆరు పళ్లు

నవంబరు చివర్లో వెళ్లిన సూర్యుడు
జనవరి దాకా ట్రోమ్సొ మొహం చూడడు.
అందాకా మా ఇంట్లో తెల్లవారడమంటే
గోడ సాకెట్లో గుండ్రటి టైమరు
టిక్కుమనడమే.

పావుగంటకొక పన్ను. మొత్తం తొంభై ఆరు.
ఐదుంబావు పన్ను ఐలిఫ్‌ది.
కిటికీలో దీపం వెలిగితే లేస్తాడు,
మొదటి బస్సు తీయాలి.

మూడింటి పన్ను నాది.
అతనికి చెప్పకుండా నొక్కాను.
గోడవైపు తిరిగి పడుకునే మనిషి,
తెలియదులే అనుకున్నాను.

నాది రాత్రి డ్యూటీ, నీళ్లకి ఈ ఒడ్డున
ఆసుపత్రి నాలుగో అంతస్తులో.
ఎనిమిదో నంబరు మంచం ముసలాయన దగ్గు సద్దుమణిగాక
టీ కప్పుతో అద్దం దగ్గర నిలబడతాను.
ఆవలి ఒడ్డున అన్ని నల్లటి కిటికీల మధ్య
మాదొక్కటే
పసుపుపచ్చగా.
పావుగంట.

మొన్న మంచుతుఫానుకి
యాభై నిమిషాలు కరెంటు పోయింది.
ఇక్కడ జనరేటరుంది, అక్కడ లేదు.
మూడైంది. చీకటి.
టీ చల్లారింది. ఫోను తీసి, మళ్లీ జేబులో పెట్టాను,
ఏమని అడగను?
మూడూ యాభైకి వెలిగింది.
టైమరుకి వేళ తెలియదు మరి,
నడక తెలుసు.
ఆగినచోట నుంచే మళ్లీ బయల్దేరుతుంది.

ఆ పొద్దున ఐలిఫ్ బస్సు ఆలస్యం,
డిపోలో చీవాట్లు.
నేను ఇల్లు చేరేసరికి
మధ్యలో బయటపడి వచ్చాడేమో,
డయలు సరైన వేళకి తిప్పి ఉంది.

వంగి చూశాను.
మూడింటి పన్ను
అతను పైకి లాగలేదు.

దాని పక్కదీ నొక్కి ఉంది.