తరుగు

బర్మింగ్‌హామ్‌కి సముద్రం లేదు.
అయినా ఇక్కడ ముద్ర పడిన బంగారం మీద
ఓ చిన్న లంగరు ఉంటుంది.
ఎందుకని అడిగితే ప్రోథరో గారు
ఒక్కోసారి ఒక్కో కథ చెబుతారు.
లంగరు ఉందో లేదో చూసి రాయడం వరకే నా పని.

హాక్లీలో, వేలం ఇంటి మేడమీద, ఉత్తరపు కిటికీ పక్కన
కంటికి భూతద్దం బిగించుకుని
నెలకి నాలుగు వందల వస్తువులకి జాతకం రాస్తాను.
"పచ్చ రాయి. అంచు చిట్లింది."
"ముత్యాల పేట. కొక్కెం తర్వాతి కాలానిది."
"లాకెట్టు. లోపల వెంట్రుకలు, గోధుమరంగు, అల్లినవి."
ఎవరి తలవో రాయడానికి గడి లేదు.

రెండు వందల పద్నాలుగు: జేబు గడియారం, తాళంచెవితో సహా.
పద్దెనిమిది క్యారెట్లు. లంగరు ఉంది.
తెచ్చినామె ఫారంలో రాసింది:
"మా మామయ్యది. ఏ మామయ్యో తెలియదు."
వెనక మూత గోటితో ఎత్తితే
లోపలి పసుపు మీద, సూదిమొనతో,
చీమకాళ్ళంత అక్షరాలు.
బాగుచేసినవాళ్ళ గుర్తులు.
జె. బి., మార్చి 1894.
ఆర్. కాటరల్, స్ప్రింగు, 1911.
మళ్ళీ కాటరల్, 1938. ఈసారి చెయ్యి వణికింది.
1947లో ఎవరో పేరు లేకుండా "శుభ్రం" అని మాత్రం.
1963.
ఆ తర్వాత ఎవరూ తెరిచినట్టు లేదు.

అన్నీ వరసగా ఎక్కించాను.
ప్రోథరో గారు కొట్టేసి "లోపల గీతలు" అని దిద్దారు.
కింద రోజూ రాసే వాక్యం,
"ప్రస్తుతం నడుస్తోంది. హామీ లేదు."
దాన్ని మాత్రం ఆయన ఎప్పుడూ కొట్టెయ్యరు.

మా నాన్న కంసాలి.
కంసాలి దెబ్బలు నూరు, కమ్మరి దెబ్బ ఒక్కటి అని
బజార్లో ఆయన్ని ఏడిపించేవాళ్ళు.
ఆ ఒక్క దెబ్బని నేను చూసింది ఇక్కడే,
గురువారం పదకొండున్నరకి,
పిడి కూడా లేని బుల్లి సుత్తితో.

ముందు వరసలో ట్రాంటర్. మోకాలి మీద ఫోను,
ఫోనులో ఆ నిమిషం బంగారం ధర.
వెనక తలుపు దగ్గర ఎనభై ఎనిమిదో నంబరు అట్ట పట్టుకుని
గోళ్ళ కింద నల్లటి నూనెతో ఒక పిల్ల.
సరుకు చూసుకునే రోజున ఆ మూత తెరిచి
పావుగంట చదివింది ఆమె ఒక్కతే.
తొమ్మిది వందలు. వెయ్యి.
వెయ్యీ యాభై దగ్గర అట్ట సగం లేచి ఆగింది,
చెయ్యెత్తబోయి, వచ్చేది మన బస్సు కాదని దించుకున్నట్టు.
పద్నాలుగు వందలకి సుత్తి పడింది.

ట్రాంటర్ మంచివాడే. డబ్బు కట్టి, నా బల్ల మీదే
రెండు మరలు విప్పి డొప్పని త్రాసులో వేశాడు.
కాటరల్, కాటరల్ వణుకు, పేరు లేని శుభ్రం,
అంతా కలిపి నలభై ఒకటి పాయింట్ ఆరు గ్రాములు.
ఆ అక్షరాలు గీసినప్పుడు రాలిన పొడి ఎంతో
నాన్నయితే లెక్క కట్టేవాడు.
తరుగు చెప్పని కంసాలిని దొంగంటారు,
చెప్పినా అంటారు, అనేవాడు.
ఇంకా కొట్టుకుంటున్న యంత్రాన్ని నావైపు తోసి
"కావాలా?" అన్నాడు ట్రాంటర్. "నాకు దీంతో పని లేదు."

కాగితంలో పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తాను.
వైస్ వీధిలో వాన. నూటొకటో నంబరు బస్సు
అప్పుడే తలుపులు మూసుకుంది.

ఆమె చిరునామా రిజిస్టరులో ఉంది. ఉత్తరం రాయాలి.
రేపు రాద్దామని మూడు వారాలుగా అనుకుంటున్నాను.
ఈలోగా అది నా సొరుగులో, దగ్గుబిళ్ళల డబ్బాలో
రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతోంది.
పొద్దున్నే తాళం తిప్పుతాను, ముల్లు దిద్దను.
కంసాలి కూతుర్ని కదా,
తరుగు కింద రాసుకున్నాను.