ఇటుక వంతు

పిల్లల కథ ఒకటి రాసిమ్మన్నారు బడివాళ్ళు.
మూడు రోజులుగా ఒక రాజుగారిని
అడవిలోకి పంపుతున్నాను,
ఆయన వెళ్ళడు.
గుర్రానికి కూడా నా మీద నమ్మకం లేదు.

విసుగొచ్చి, దీపాలు పెట్టేవేళ
మెట్ల మీద కూర్చున్నాను.
శ్రీకాకుళంలో, బలగలో, మా సందు.
చూడ్డానికి ఏముందని?
మూతలేని కాలవ, దానిమీద రెండు నాపరాళ్ళు,
అసిరయ్య సైకిలు షాపు ముందు గాలి పోయిన ట్యూబులు,
కూతవేటు దూరంలో నాగావళి ఉన్నా
రోజు విడిచి రోజు వచ్చే కుళాయి.
దాని ముందు ముందురాత్రి నుంచే వరస:
తవిటమ్మ సత్తుబిందె,
డిల్లేశ్వరి పచ్చ ప్లాస్టిక్ బిందెలు మూడు,
చెవి తెగిన బకెట్టు, పెయింటు డబ్బా,
వాటి మధ్యన
ఒక ఇటుక.

"ఆ ఇటుక ఎవులిదే?"
"నాకేటెరుక? రేషను డిపో వోలదేమో."
డిపో వాళ్ళు తమది కాదన్నారు.
అయినా ఎవరూ తియ్యలేదు.
వరసలో ఉన్నదాన్ని కదపకూడదు,
మా సందుకి ఉన్న ఒకే ఒక్క చట్టం అది.

పక్కింటి మోక్షిత, ఆరేళ్ళది, పై పళ్ళు రెండు లేవు,
నా పక్కన చతికిలబడి చెప్పింది:
"అది ఎవులికోసమూ కాదు. దానికే దాహం.
బట్టీలో పుట్టింది కదా,
పుట్టినకాడ్నించీ ఒళ్ళంతా మంటే.
దానన్నదమ్ములందరూ గోడలోకెళ్ళిపోనారు.
ఇది నీళ్ళు తాగొస్తానని ఆగిపోనాది."

నవ్వబోయి ఊరుకున్నాను.
వీధి లైటు కింద ఇటుక
కాస్త ముందుకు వంగినట్టుంది.

తెల్లారగట్ల నాలుగున్నరకి కుళాయి దగ్గింది.
బిందెలు జరిగాయి. వాటితో పాటు
కాలితో ఒకరు, చేత్తో ఒకరు,
మాటల్లో పడి ఇటుకనీ జరిపారు.
దాని వంతు వచ్చింది.
ఎవరూ ముందుకు రాలేదు.
నీళ్ళు ఊరికే పోతున్నాయి.
నిద్రకళ్ళతో, ఒంటి చెప్పుతో వచ్చి
మోక్షిత రెండు చేతులా ఎత్తి పట్టింది.

మీరెప్పుడైనా విన్నారో లేదో,
ఎండిన ఇటుక నీళ్ళు పీలిస్తే చప్పుడవుతుంది.
సన్నగా, లోపల్నించి,
గుటకల్లాగ.
తవిటమ్మ బిందె నెత్తికెత్తుకోడం మరిచిపోయి
"ఓలమ్మ, తాగతంది!" అంది.

రాజుగారినీ గుర్రాన్నీ
చిత్తుకాగితాల్లో ఒదిలేశాను.
"తరవాతేటైందే?" అని అడిగాను.
పొట్టకానించుకుని మోసుకెళ్ళి,
వరస చివర, పెయింటు డబ్బా వెనకాల
దాన్ని నిలబెట్టి, చేతులు గౌనుకి తుడుచుకుని,
"ఉండు. దాని వంతు
మళ్ళీ రావద్దేటి?" అంది.