కుట్టు తినే గుడ్డ

జహ్రాలో, ముసలామె హెస్సా పడుకునే గదిలో
మంచమ్మీద ఒక బొంత ఉంది.
పొద్దున మడిచేది నేనే, రాత్రి పరిచేదీ నేనే.
మొదటి రెండు నెలలూ అది నాకు
ఉతకడానికి లొంగని బరువు మాత్రమే.

దూదేకులోళ్ళ పిల్లని.
బొంత దొరికితే చెయ్యి దానంతటదే కుట్టు వెతుక్కుంటుంది.
రాయచోటిలో మా బొంతంటే
పాత చీర మీద పాత చీర,
ఈ అంచు నుంచి ఆ అంచుకి పరుగు కుట్టు.
ఇది అట్లాంటిది కాదు.
ఇది లెక్క.

అడ్డం ఆరు, నిలువు ఏడు.
నీలం, తెలుపు, పండిన ఖర్జూరం రంగు.
గుమ్మంలోంచి చూస్తే గాలిమరలు,
దగ్గరికొస్తే చుక్కలు.
ఎన్ని రకాలుగా కత్తిరించిందో మహాతల్లి, అనుకున్నా.

టేపు లేదు. జానతో కొలిచా.
గడి ఒకటికి జాన మీద రెండేళ్ళు.
మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోయాక
పూటకొక గడి,
ఏ కుట్టు మీదికి ఏ కుట్టు ఎక్కిందో
గోటితో తడుముకుంటూ.

పదకొండో రోజు తెలిసింది,
రకాల్లేవు.
ఉన్నది ఒకటే గడి.
చదరం గుడ్డని మూల నుంచి మూలకి కోసి
ముదురు ముక్కకి లేత ముక్క కలిపి,
అట్లాంటివి నాలుగు,
ఒకదాని తోక ఇంకోటి పట్టుకున్నట్టు.
చుక్కని మాత్రం ఎవరూ కుట్టలేదు.
నాలుగు గళ్ళ మూలలు తగిలిన చోట
అదే పుట్టింది.
చీపురు పట్టుకుని నిలబడి నవ్వుకున్నా.

అయిదో వరసలో, గోడవైపు, ఒక గడి తప్పు.
సగం ఇటు తిరుగుతుంది, సగం అటు.
సగమే తప్పిందంటే సగాలుగా కుట్టారన్నమాట:
ముందు జతలు, తర్వాత జతకి జత.
ఆ తప్పు లేకపోతే నాకు వరస చిక్కేది కాదు.
దాన్ని వేళ్ళతో కొలుస్తుంటే
హెస్సా కళ్ళు తెరిచింది.
తిడుతుందనుకున్నా.
నా వేలు పట్టుకుని సరిగ్గా ఆ గడి మీదే పెట్టి
పళ్ళులేని నోటితో ఏదో అంది.
నాకొచ్చిన అరబ్బీలో ఆ మాట లేదు.

శుక్రవారం సగం పూట నాది.
కింది వీధి టైలరు పారేసిన దిష్‌దాషా తెలుపు,
పిల్లల చినిగిన యూనిఫాం నీలం,
అంచు మాసిన అబాయా నలుపు.
మొదటి గడి కుట్టి కొలిస్తే జానే వచ్చింది.
రెండేళ్ళు ఏమైనట్టు?
తిప్పి చూశా. కుట్టు లోపల ఉన్నాయి.
కుట్టు తింటుంది.
ఎంత తింటుందో ముందే ఒప్పుకుని కొయ్యాలి.
మా వీసా ఏజెంటు కూడా తిన్నాడు,
కాకపోతే వాడి కొలత వాడు చెప్పలేదు.

మూడు గళ్ళయ్యాక నాయినకి ఫోన్లో చూపించా.
తెరమీద ఆయన చెవి ఒక్కటే కనిపిస్తోంది.
“గళ్ళు బాగుండాయి పీరమ్మా.
లోపలేముండాది?”

నాలుగు నెలలు మొహం చదివాను.
లోపల చూడలేదు.

చివికిన అంచు నుంచి చిటికెడు లాగి
పొయ్యి మంటకి చూపించా.
“కాగితం వాసనొస్తే పత్తి,
నల్లగా గింజ కడితే నైలాను”
అంటున్నాడు ఆ చెవి.
వెంట్రుక కాలిన వాసనొచ్చింది.
గదిలోంచి హెస్సా కేకేసింది.
నాయిన కాసేపు పలకలేదు.
“ఉన్ని మేమెప్పుడూ ఏకలేదు” అన్నాడు,
తనకు రాని బొంత ఒకటి లోకంలో ఉన్నందుకు
అలిగినట్టు.
తర్వాత, ఫోను పెట్టేసే ముందు,
“నీదానికి నాలుగో పక్క కుట్టొద్దు.
తెరిచే తీసకరా.”

ఇంకా ముప్పై తొమ్మిది గళ్ళు.
ముప్పై తొమ్మిది శుక్రవారాలు.
ఇకామా పద్నాలుగు నెలలుంది.
మిగిలేది కుట్టు తింటుంది.