ప్యాసింజరు బండి

ఈత మంచిదన్నాడు డాక్టరు.
ఆయన నెల్లూరాయన,
మా గుంతకల్లుకొచ్చి నెల కూడా కాలేదు.
చీటీ మీద ‘ఈత’ అని రాసి
కింద రెండు గీతలు కూడా గీసినాడు.
మాకు నీళ్ళొచ్చేది నాలుగు దినాలకొకసారి,
అదీ రెండు డ్రమ్ములు, ఆరు బిందెలు.
పిల్లోణ్ణి బిందెలో ఈదించమంటాడేమో అని
మెట్లు దిగతా దిగతా నవ్వినాం నేనూ, మా యామే.
నవ్వు ఆగినాక
ఆమె ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి దాచింది.

పెన్నోబులేసుకు ఆరేండ్లు.
పరిగెత్తితే ఎదలో పిల్లి కూస్తాది.
రాత్రిపూట వాని రొమ్ముకు చెవి ఆనిస్తా.
నేను కీమేన్‌ను,
పట్టా పొడుగునా సుత్తి కొట్టుకుంటా
దినం ఎనిమిది కిలోమీటర్లు నడిచేవాణ్ణి.
ఇనుము ఎక్కడ వదులైందో సద్దును బట్టి చెప్తా.
వాని లోపల వదులైందేందో
ఎంత విన్నా తెలీదు.

“ఆటల్లో పెట్టండి” అన్నారు అందరూ.
ఏ ఆటో మాత్రం
ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పినారు.

రైల్వే గ్రౌండులో క్రికెట్టు.
ఆ సారు చేతికిచ్చిన బ్యాటు
వీని గదవ దాకా వచ్చింది.
పొద్దు గుంకేదాకా బౌండరీ కాడ నిలబెట్టినాడు.
ఒక్క బంతి కూడా అటు రాలేదు.
“నాయనా, ఈ దినం నేను కంచె” అన్నాడు
ఇంటికొచ్చి.

కరాటేకు తెల్లగుడ్డలే పదహైదు వందలు.
నెలంతా పిడికిలి ఎట్ల పట్టాలనో నేర్పినారు.
బాగానే నేర్చుకున్నాడు,
చెల్లెలికి ఒకటి ఇచ్చినాడు.
మానిపించినాం.

మా బామ్మర్ది సుంకన్న ఉరవకొండ నుంచి వచ్చినప్పుడల్లా
సంతలో దూడను చూసినట్ల
వాని తొడ తట్టి చూస్తాడు.
“కబడ్డీలో ఎయ్యి బావా, కూత నేర్చుకుంటాడు.”
కూతా?
కూత వానికి కొత్తనా సుంకన్నా,
ఊపిరి పట్టేదే కదా రాంది.

ఒక ఆదివారం చికెనంగడి నుంచి నడిచొస్తా ఉన్నాం.
రెండు చేతుల్లో సంచులు,
వాని చెయ్యి పట్టుకోలేదు నేను.
వాడు మురిక్కాలవ గోడెక్కి
చేతులు చాపి పది అడుగులు నడిచినాడు.
దూకినాడు.
చీమలబారు కాడ కూర్చున్నాడు.
లేసి, కరెంటు స్తంభం దాకా ఉరికి, దాన్ని ముట్టి,
రొప్పు తగ్గేదాకా దాని చుట్టూ మెల్లగా తిరిగినాడు.
మళ్ళీ ఇంకో స్తంభం.
ఎవరూ విజిల్ ఊదలేదు.
పదకొండు స్తంభాలు, నేను లెక్కబెట్టినా.
పిల్లి కూయలేదు.

అప్పుడు తట్టింది నాకు,
మేమందరం వీణ్ణి ఎక్స్‌ప్రెస్ అనుకుంటా ఉన్నాం.
వీడు ప్యాసింజరు బండి.
ప్రతి స్టేషన్లో ఆగాల,
శనక్కాయలమ్మేదాన్ని చూడాల,
సిగ్నలు వాడే వేసుకోవాల.
పెద్దయినాక ఏ బండి అయితాడో
ఇప్పుడే బోర్డు రాసేదానికి నేనెవర్ని?

డాక్టరుకు చెప్తే ఒప్పుకున్నాడు.
“మందు పంపు మాత్రం జేబులో ఉండాలి” అన్నాడు.
ఈత సంగతి ఎత్తలేదు.
ఆయనింటికీ వారం నుంచి నీళ్ళు రాలేదంట.

ఇప్పుడు సాయంత్రాలు క్వార్టర్ల సందులో
పై ఇంటి షమీమ్ బొగ్గుతో గళ్ళు గీస్తాది.
కుంటాట.
ఐదో గడిలో రెండు కాళ్ళూ ఆనించి
ఎంతసేపైనా ఊపిరి పీల్చుకోవచ్చు.
ఆ రూలు షమీమే పెట్టింది,
మావాని కోసమని ఎవరూ చెప్పకుండానే.

నిన్న నన్నూ ఆడమన్నారు.
ఎనిమిది కిలోమీటర్ల మనిషిని, నాకేమని
లుంగీ ఎగ్గట్టి దిగినా.
నాలుగో గడికే గీత తొక్కినా.
అరుగు మీద కూలబడి రొప్పుతా ఉంటే
పెన్నోబులేసు బిళ్ళ పక్కనబెట్టి వచ్చి
నా రొమ్ముకు చెవి ఆనించినాడు.
శానాసేపు విన్నాడు.
“పిల్లి లేదు నాయనా” అన్నాడు.
“కుక్క ఉండాది.”