నలభై ఒక్క మిషన్లు

ఎన్నికల కోడ్ వచ్చిన మూడో రోజు
పలమనేరు స్టేషన్ వరండాలో తుపాకులు
రేషన్ షాపు ముందు సంచుల్లా వరసకట్టాయి.
ఒక్కోదానికి ఒక అట్టముక్క, పురికొసతో ముడి,
లైసెన్సు నంబరు నా చేతిరాతలో.

అందరూ రసీదు తీసుకుని వెళ్ళారు.
చెంగల్రాయప్ప వెళ్ళలేదు.
పంచె మడతలోంచి దగ్గుమందు సీసా తీసి
బల్ల మీద పెట్టాడు.
"దీనికి మందు, అమ్మణ్ణీ. వారానికొకసారి."

నేను రైటర్ని. ఇంకా పదిహేడు తుపాకులు రాసుకోవాలి.
సరే పెద్దాయనా, కొబ్బరినూనె రాస్తాంలే అన్నాను,
పంపించెయ్యడానికి.

ఆయన కుర్చీ లాక్కున్నాడు.

"కొబ్బెర నూనె తలకి.
చలికి పేరుకుంటాది, ఎండకి జిగురవతాది, మీట కదల్దు.
శెనక్కాయ నూనె దోసెకి. మా యవ్వ రాసిందొకసారి,
గొట్టానికి చీమలు పట్టినాయి, నవ్వొద్దు.
ట్రాక్టర్లోంచి దించిన నల్లాయిలు వొద్దే వొద్దు,
దాంట్లో ఇనప రజను. ఇనుమును ఇనుమే తింటాది.
గ్రీసు పూస్తే ఊరి దుమ్మంతా చుట్టమై వస్తాది.
కిరసనాయిలు కడగతాది, నిజమే.
కడిగి ఎగిరిపోతాది, ఒంటిమింద గుడ్డ లేకుండా వొదిలేసి.
మందు కాలిన మసికి కాగే నీళ్ళే దారి.
ఆనక పొడిగుడ్డ, ఆనక ఎండ, ఆనక ఇది.
కుట్టుమిషను నూనె. ఒక్క చుక్క. రెండోది ఎక్కువ."

మెట్లు దిగినవాడు మళ్ళీ ఎక్కొచ్చి,
"తలకిందులుగా నిలబెట్టు.
నూనె కొయ్యలోకి దిగితే కొయ్య మెత్తబడతాది" అన్నాడు.

అనంతపురం ట్రైనింగులో
రైఫిల్‌కి ఏ నూనె అని నేనూ అడిగాను ఒకసారి.
ఇచ్చిన నూనె, అన్నాడు హవల్దారు.
తొమ్మిదేళ్ళుగా ఇచ్చిన నూనే రాస్తున్నాను,
డబ్బా మీద పేరు చెరిగిపోయి ఎన్నాళ్ళయిందో.

మే నెల తొలివాన పడిన మర్నాడు
మాల్‌ఖానా తాళం తీశాను. గోడలు చెమర్చి ఉన్నాయి.
ఆయన తుపాకికి ఒక చుక్క.
పక్కదాని గొట్టం మీద అప్పుడే గోరింటాకు రంగు.
దానికీ ఒక చుక్క.
దాని పక్కది ఎవరిదో, అట్టముక్క కూడా నానిపోయింది.
ఇరవైమూడోదాని దగ్గర
దగ్గుమందు సీసా అయిపోయింది.

సాయంత్రం బజారువీధిలో మిషను సామాన్ల అంగడి.
యూనిఫాంలోనే ఉన్నాను, గోళ్ళలో మసి.
"ఎన్ని మిషన్లకి మేడం?"
"నలభై ఒకటి."
ముసలాయన కళ్ళజోడు పైకి తోశాడు.
"గార్మెంట్సా? మనూర్లో ఎవరు పెట్టినారు?"
చిల్లర తీసుకుని వచ్చేశాను.

జూన్‌లో కోడ్ ఎత్తేశారు.
చెంగల్రాయప్ప గొట్టంలోకి తొంగిచూడలేదు.
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
మీట పక్కన వేలితో తాకి, ఆ వేలిని వెలుతురుకి పట్టి
"రెండు చుక్కలు పోసినావు" అన్నాడు.

ఏనుగులు వచ్చాయా?
"మూడుసార్లు. టమేటా మడంతా తొక్కి పోయినాయి.
రేకుడబ్బాలు కొట్టినాం, టైర్లు కాల్చినాం."
ఇది ఉండుంటే?
"ఆకాశానికి కాల్చుందును.
మా నాయన కాలం నుంచీ ఇది
మబ్బును తప్ప దేన్నీ కొట్టింది లేదు, అమ్మణ్ణీ."

రిజిస్టర్‌లో సంతకం నిదానంగా గీశాడు, చివర చుక్కతో సహా.
ఖాళీ సీసా గుర్తుపెట్టుకుని అడిగి తీసుకున్నాడు.

మొన్న బజారువీధిలో అంగడి ముసలాయన కేకేసి ఆపాడు.
"మిషన్లు బాగా నడుస్తుండాయా మేడం?"
ఇంతవరకు ఒక్క కుట్టూ పడలేదన్నాను.
చాలా జాలిగా చూశాడు.
"అయినా సరే," అన్నాడు, "నూనె మాత్రం మానొద్దు."