దీపం పట్టుకున్నవాడు

కారు కొత్తదే. నిన్ననే షోరూం నుంచి వచ్చింది,
సీట్ల మీద ప్లాస్టిక్ ఇంకా కరకరలాడుతోంది.
"కొత్తదానికి మెరుగేమిటి?" అన్నాను.
బోగ్నా మాట్లాడలేదు.
షట్టర్ దించి, లైట్లన్నీ ఆర్పేసి,
చేతిదీపం నాకిచ్చి
"వాలుగా పట్టు" అంది.

అప్పుడు కనిపించింది బానెట్ మీద
సాలెగూడు.
దీపం జరిపితే గూడూ జరుగుతోంది,
నడుమ సాలీడుండాల్సిన చోట వెలుగుంది.
అమ్మేముందు ఎవడో
భోజనానికి టైమవుతోందని
మురికి స్పాంజితో గబగబా గుండ్రంగా తుడిచాడు.
ఆ తొందరంతా అక్కడే ఉంది, చుట్టలు చుట్టలుగా.
తెల్లకారైతే కడుపులో దాచుకునేది.

కాలిష్‌లో పియానోలు చేసే రోజుల్లో
ఇరవై రెండేళ్లు వాటి మూతలకు మెరుగు పెట్టింది బోగ్నా.
ఫ్యాక్టరీ మూతపడ్డనాడు
ఆఖరి జీతానికి బదులు
నాలుగు ఉన్ని గుడ్డలు చంకన పెట్టుకుని
ప్రొస్నా వంతెన దాటి ఇంటికెళ్లిందట.
ఒక్క పాటా వాయించడం రాదు ఆమెకి.

రెండు బకెట్లు. ఒకటి నురుగుకి, ఒకటి పాపాలకి
అని ఆమె జోకు, ప్రతి కారుకీ ఇదే జోకు.
తర్వాత మట్టిముద్ద,
నీళ్లు చిలకరించి పైనుంచి కిందికి,
బట్టతల మీద నూనె రాసినంత నెమ్మదిగా.
ముద్ద తిరగేస్తే రైలు తుప్పు, తారు, ఎవరి పొలందో పుప్పొడి.
ముద్ద నేల మీద పడితే పారెయ్యాలి.
రెండుసార్లు పడేశాను.
మూడోది జీతంలో కోసింది.

మీటరు ఆనించి, టేపు మీద పెన్సిల్‌తో
అంకెలు రాసుకుంటూ పోయింది:
నూటపన్నెండు. నూటెనిమిది. తొంభైఏడు.
"మైక్రాన్లు. నీ వెంట్రుక కన్నా కాస్త లావు, అంతే.
అందులో మనం ముట్టుకోగలిగింది మూడో నాలుగో.
పియానోకైతే మళ్లీ పూత పూసేదాన్ని,
ఆరేదాకా ఆగి ఇంకోటి పూసేదాన్ని.
ఇక్కడ పూసేదేం లేదబ్బాయ్, తియ్యడమే.
గీత పోయిందంటారు గానీ
పోయేది గీత కాదు,
దాని చుట్టూ ఉన్నది దాని లోతుకి దిగుతుంది."

రెండు రోజులు మెషిన్ రొద.
మధ్యమధ్య ఆపి, జ్వరం చూసినట్టు
వెనకచేతిని తలుపుకి తాకించేది.
రెండో సాయంత్రం పైకప్పులో
దీపం ఒక్కటే దీపంగా నిలబడింది,
ఏ పోగులూ లేకుండా.
దాని పక్కన నా మొహం, చెవి మీది మొటిమతో సహా.

ఒక్కచోట తప్ప.
ఎడమ వెనకతలుపు, పిడి కింద,
గోరు తగిలి ఆగేంత.
మెషిన్ ఒకసారి పెట్టింది. కొలిచింది. ఇంకోసారి.
తొంభై ఒకటి.
ప్లగ్గు పీకేసింది. "ఇది ఉంటుంది."

ఒల్గియెర్ద్‌ది పళ్లాసుపత్రి. తెల్లటి చేతులు.
"మచ్చ లేకుండా అన్నాను కదా" అన్నాడు.
"ఒకటుంది. ఎక్కడో చెప్పను" అంది బోగ్నా,
"చెబితే ఇంక కారు చూడరు, దాన్నే చూస్తారు."
"తీసెయ్యొచ్చుగా?"
"మీరు పన్నుని ఎంతదాకా అరగదీస్తారు డాక్టర్?"
ఆయన నాలుక లోపల్లోపల
ఏదో పన్ను తడుముకోవడం నేను చూశాను.
అరగంట దీపంతో కారుచుట్టూ తిరిగి,
దొరక్క, పూర్తిగా డబ్బు కట్టి వెళ్లాడు.

నెలకోసారి కడిగించడానికి వస్తాడు,
కడిగినంతసేపూ వంగి వెతుకుతాడు.
మొన్న బోగ్నా రొట్టె కోసం బయటికెళ్తే
ఇరవై జ్లోటీల నోటు నా జేబులోకి తోశాడు.

తీసుకున్నాను.
తీసుకెళ్లి కుడితలుపు చూపించాను.
కళ్లద్దాలు పైకి తోసి, దీపం వాలుగా పట్టి,
చాలాసేపు చూసి
"ఆఁ, అదిగో, ఉంది" అన్నాడు.