తరుగు

చిత్తూరు బెల్లం మండీలో
మా నాయన కాటా ముందర కూర్చునేవాడు.
తేమకింత, గోనెకింత, ఈగలకింత అని
తరుగు తీసేవాళ్ళు షావుకార్లు.
రైతు నోరు తెరిచేలోపు
చీటీ మీద అంకె మారిపోయేది.

నన్నూ ఒకసారి తూచినారు, కొండమీద.
జబ్బు చేసి బతికిన మూడేళ్ళ పిల్లని.
ఒక తట్టలో నేను, ఇంకో తట్టలో బెల్లం.
పదకొండు కిలోలకే ముల్లు నిలబడిపోతే
"బిడ్డకి ఇంకొంచెం ఒళ్ళు ఇయ్యి సామీ"
అని మాయమ్మ ఏడ్చిందంట.
సామి ఆలస్యంగా విన్నాడు.

ఇప్పుడు నూట పద్దెనిమిది.

తిరుపతి నించి చిత్తూరుకి పొయ్యే బస్సులో కండక్టర్ని.
చంద్రగిరి దాటేలోపు టిక్కెట్లన్నీ కొట్టాల.
సీట్ల నడుమ దారి నాకంటే సన్నం.
"కొంచెం జరగండి" అంటాను నేను.
జరగాల్సింది ఎవరో వాళ్ళ కళ్ళు చెబుతాయి.
పూతలపట్టు కాడ ఎక్కే కాలేజీ పిల్లోళ్ళు
నాకు పెట్టిన పేరు నాకు తెలుసు.
తెలీనట్టు చిల్లర ఎంచుకుంటాను.

పోయినేడు అలిపిరి మెట్లు
నాలుగొందలు ఎక్కి కూలబడినా.
మెట్టు మెట్టుకీ వంగి పసుపు పూసుకుంటా
ఒక ముసలామె నన్ను దాటుకొని పోయింది.
వెనక్కి తిరిగి చూడను కూడా లేదు.

డాక్టరమ్మ కాయితం మీద సంచి గీసింది.
పక్కన అరటికాయ గీసింది.
ఇంత తీసేస్తాం, ఇంత ఉంచుతాం.
తీసిందాన్ని ఏం జేస్తారని అడిగినా.
ఆమె పెన్ను మూత పెట్టి
నా మొహం చూసింది కొంచెం సేపు.
షుగరు తగ్గొచ్చు, మోకాళ్ళు తేలికపడొచ్చు,
నిద్రలో ఊపిరి ఆగడం పోవచ్చు,
మళ్ళీ బరువు పెరగనూ వచ్చు.
ఆ గదిలో ఎన్ని "వచ్చు"లో.
"రాదు" అని గట్టిగా చెప్పింది ఒకటే:
కోసిన సంచి మళ్ళీ రాదు.

"నోరు కట్టుకుంటే పొయ్యేదానికి కత్తెందుకు?"
ఇది మా ఇంటాయన దొరస్వామి మాట,
మూడో దోసె తుంచుకుంటా.
నేను కట్టుకోని నోరా?
కొర్రలు తిన్నా, జీలకర్ర నీళ్ళు తాగినా,
మూడు నెలలు సంగటి మొహం చూడలేదు.
తొమ్మిది కిలోలు పోయి
పదకొండై తిరిగొచ్చినాయి, వడ్డీతో.

డిపోలో షంషాదక్క రెండేళ్ళ కిందట చేయించుకొనింది.
ఇడ్లీలో సగం తిని గిన్నె మూసేస్తాది.
జుట్టు దోసిళ్ళకొద్దీ రాలి, మళ్ళీ మొలిచింది.
మాత్రలు బతికినన్నాళ్ళూ.
"మంచే జరిగిందా అక్కా" అంటే
"మనవణ్ణి చంకనేసుకొని మేడెక్కినా నిన్న.
బిర్యానీ వాసనొస్తే ఇప్పటికీ ఏడుపొస్తాది.
రెండూ రాసుకో."

రాసుకునేదానికే కూర్చున్నా ఈ రాత్రి
సంతకం చెయ్యాల్సిన కాయితం వెనకాల.
మండీ చీటీ మాదిరి మూడు గీతలు:
మొత్తం. తరుగు. నికరం.
మొత్తం కాడ నూట పద్దెనిమిది వేసినా.

మాయమ్మ పోయిన రాత్రి
కంట్లో ఒక్క చుక్క రాలేదు నాకు.
కుండలో ఉండే సంగటంతా,
అడుగు మాడింది కూడా గీక్కొని తినేసినా.
నా దుఃఖాన్ని ఆ పొద్దు మోసింది ఈ సంచే.
దాన్ని ఒక మాట అడక్కుండా ఎట్ల కోసేది?
మోకాళ్ళు మాత్రం తక్కువ మోసినాయా?
వాటినెవరడిగినారు?

తేమకింత, గోనెకింత.
ఆ తట్ట ముందర మాయమ్మ కార్చిన కన్నీళ్ళకి
ఎంత తియ్యాల?
కలం అక్కడే ఆగిపోయింది.

శుక్రవారం లోపల చెప్పమనింది డాక్టరమ్మ.
తెల్లారి అయిదింటికి డ్యూటీ.
పొయ్యి మీద సంగటి చల్లారతా ఉంటే
రెండు ముద్దలు చేసినా.
ఒకటి చెనిక్కాయల ఊరిబిండితో తిన్నా.
రెండోదాన్ని అరచేతిలో పెట్టుకొని
మా నాయన కాటా దగ్గర చూసినట్టు
ముల్లు ఎటు వాలుతాదోనని
చూస్తా ఉండా.